తిరస్కారం – సాహసం – కవి సమూహం

ఈ మధ్య కవితా సభల్లో ఒక మాట తరచుగా వినబడుతున్నది. ఇవ్వాళ కవిని తిరస్కరించేవాళ్లు లేరు అని. చిరునామా రాసి, స్టాంపు అంటించి పంపిన కవరు తిరిగివచ్చే బాధ లేదు. సంపాదకుడి బల్ల మీద నెలల తరబడి పడి ఉండే అవసరం లేదు. రాత్రి రాసిన కవితను తెల్లవారేసరికి వందమంది తమ తమ ఫోన్లలో చదువుతున్నారు, మెచ్చుకుంటున్నారు. దీన్ని కొందరు సాహిత్యంలో వచ్చిన ప్రజాస్వామ్యం అంటున్నారు. మరికొందరు కవిత్వానికి పట్టిన అరాచకం అంటున్నారు. రెండు వాదాలూ అసలు ప్రశ్నను దాటిపోతున్నాయని నా అభిప్రాయం. కవిని ఎవరు తిరస్కరిస్తున్నారు? దేనికోసం తిరస్కరిస్తున్నారు? తిరస్కారం ఎదురైన రోజున అతని పక్కన ఎవరు నిలబడుతున్నారు? ఈ ప్రశ్నలు వేసుకోకుండా తిరస్కారం మంచిదా చెడ్డదా అని చర్చించడం వృథా.

తిరస్కారం ఒకే రకమైనది కాదు. కవి పుట్టిన ప్రాంతాన్నో, కులాన్నో, అతని నోటి భాషనో చూసి, కవితను చదవకుండానే తోసిపుచ్చేది ఒకటి. కవితను చక్కగా చదివి, అందులోని శక్తిని గుర్తించి, భయపడి నిషేధించేది మరొకటి. ఇది రాజ్యం చేసే పని. కవితను చదివి, ఇది ఇంకా కవిత్వం కాలేదు, మళ్లీ రాయి అని తోటి కవి చెప్పేది వేరొకటి. మొదటి రెండింటినీ ఎదిరించాలి. మూడోదాన్ని కాపాడుకోవాలి. ఇవ్వాళ మన కవితాలోకంలో మొదటి రెండూ రూపం మార్చుకుని బతికే ఉన్నాయి. మూడోది మాత్రం కనుమరుగవుతున్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి ఆధారాలు ఎక్కడో వెతకనక్కరలేదు. మన తెలంగాణ సాహిత్య చరిత్రలోనే ఉన్నాయి.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకప్పుడు మాట పుట్టింది. పూజ్యం అంటే పూజించదగినది అని అర్థం, సున్న అనీ అర్థం. ఇక్కడ వాడింది రెండో అర్థంలో. ఇది ఒక కవితను చదివి చెప్పిన తీర్పు కాదు. ఒక ప్రాంతాన్నంతా చదవకుండానే కొట్టివేసిన తీర్పు. రాజభాష ఉర్దూ, బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ ఉన్న చోట తెలుగులో రాసేవాడికి అచ్చు యంత్రమే దూరం. పత్రికలే అరుదు. ఆ పరిస్థితిని కల్పించిన పాలనను వదిలిపెట్టి, ఆ పరిస్థితికి బలైన కవులను లెక్కలోంచి తీసివేశారు. అవకాశం లేకపోవడాన్ని శక్తి లేకపోవడంగా చూపించడం ఆధిపత్యం చేసే పాత పని.

దీనికి సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన జవాబు అందరికీ తెలిసినదే. 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఆధారంగా ఆయన ఊరూరి కవులకు పిలుపునిచ్చి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. అందులో 354 మంది కవులు. వాదానికి వాదంతో కాక లెక్కతో జవాబు చెప్పారు. సున్న అన్నవాళ్ల ముందు మూడువందల యాభై నాలుగు అని అచ్చువేసి పెట్టారు. తెలంగాణలో కవులు తమను తాము ఒక సమూహంగా చూసుకున్న తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. ఎక్కడెక్కడి పల్లెల్లోనో ఒంటరిగా పద్యం అల్లుకుంటున్నవాడికి తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఆ పుస్తకం చెప్పింది.

అయితే ఆ సంచిక విలువను గౌరవిస్తూనే విమర్శకుడు ఒక మాట చెప్పవలసి ఉంటుంది. ఆ సంచిక పని ఉనికిని రుజువు చేయడం. ఎంపిక దాని పని కాదు. అందులో ఎక్కువ భాగం పద్యాలే, చాలావరకు సంప్రదాయ వస్తువులే. 354 మందిలో ఎంతమంది కవిత్వాన్ని ఇవ్వాళ మనం కవిత్వం కోసం చదువుతున్నాం అని అడిగితే జవాబు చిన్నదిగానే ఉంటుంది. ఇది ఆ సంచికకు లోపం కాదు. ఉనికినే కాదన్నప్పుడు ముందుగా ఉన్నామని చెప్పుకోవాలి. తలలు లెక్కపెట్టడం అక్కడ పోరాట రూపం. కాని అది పోరాటంలో తొలి మెట్టు. అక్కడే ఆగిపోతే లెక్క మిగులుతుంది, కవిత్వం మిగలదు. ఈ తేడాను గుర్తు పెట్టుకోవడం ఇవ్వాళ మరీ అవసరం.

ఈ తొలి మెట్టును తెలుగు కవిత్వం తర్వాత చాలాసార్లు ఎక్కింది. 1993లో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవితల సంకలనం 'చిక్కనవుతున్న పాట', 1998లో ముస్లిం కవితల సంకలనం 'జల్‌జలా' వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక తిరస్కారానికి జవాబు. అంతకు చాలా ముందే జాషువా, 1941లో 'గబ్బిలం' రాసిన నాడు, ఈ తిరస్కారాన్ని ఒంటరిగా ఎదుర్కొన్నాడు. ఆయన పద్యానికి వంక పెట్టలేనివాళ్లు ఆయన పుట్టుకకు వంక పెట్టారు. జాషువాకు లేనిది, 1990ల దళిత కవులకు ఉన్నది సమూహం. ఈ సంకలనాలు గోలకొండ కవుల సంచిక కన్నా ఒక అడుగు ముందుకు వేశాయి. మేమూ ఉన్నాం అనడంతో ఆగక, ఇన్నాళ్లూ మీరు కవిత్వమన్నదాని కొలమానమేమిటి అని ఎదురు ప్రశ్న వేశాయి. చర్చలు లేచాయి, తగవులు పడ్డాయి. ఆ తగవుల నుంచే కొత్త విమర్శ పుట్టింది.

లెక్క నుంచి కవిత్వానికి తెలంగాణ ఎలా నడిచిందో చూడాలంటే దాశరథి కృష్ణమాచార్యుల దగ్గర ఆగాలి. 2016లో మండలాలు, జిల్లాలు మారేదాకా మా మరిపెడ మండలంలోనే ఉండిన చిన్నగూడూరులో 1925లో ఆయన పుట్టాడు. గోలకొండ కవుల సంచిక వచ్చేనాటికి ఆయన తొమ్మిదేళ్ల పిల్లవాడు. ఆ తర్వాత పదిహేనేళ్లకు, 1949లో, 'అగ్నిధార' వచ్చింది. 1950లో 'రుద్రవీణ' వచ్చింది. తెలంగాణలో కవులున్నారా అనే ప్రశ్నను ఆ రెండు పుస్తకాల తర్వాత ఎవరూ మళ్లీ వేయలేదు. 354 పేర్లు తెరిచిన దారిలో ఒక కవి నడిచి వచ్చాడు. ఆ దారి లేకపోతే ఆ నడక ఇంకా కష్టమయ్యేది. నడిచేవాడు లేకపోతే ఆ దారి మీద గడ్డి మొలిచేది.

దాశరథి ఎదుర్కొన్నది రెండో రకం తిరస్కారం. నిజాం పాలన ఆయన పద్యాన్ని చదివింది. అర్థం చేసుకున్నది. జైల్లో పెట్టింది. నిజామాబాదు జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోటి ఖైదీ. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతో దాశరథి జైలు గోడ మీద పద్యాలు రాశాడు. రాసినందుకు దెబ్బలు తిన్నాడు. ఈ కథను మనం వీరగాథగా చెప్పుకుంటూ వచ్చాం. పాఠ్యపుస్తకాల్లో కూడా అలాగే చెబుతున్నాం. వీరగాథగా చెప్పినప్పుడు ఒక కవి, ఒక గోడ, ఒక బొగ్గు ముక్క మాత్రమే కనిపిస్తాయి. నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతుంటాను. గోడను తుడిచేసిన తర్వాత పద్యం ఎక్కడ ఉన్నది?

పద్యం తోటి మనిషి జ్ఞాపకంలో ఉన్నది. ఇక్కడ వస్తువు, రూపం రెండింటికీ ఉన్న సంబంధాన్ని గమనించాలి. దాశరథి ఛందోబద్ధమైన పద్యాన్ని ఎన్నుకోవడం పాత సంప్రదాయం మీద మోజుతో చేసిన పని అని కొందరు విమర్శించారు. వచన కవితా యుగంలో ఇంకా వృత్తాలేమిటన్నారు. కాని కాగితం దొరకని చోట, దొరికినా పట్టుబడితే దెబ్బలు తప్పని చోట, గణాలు, యతి ప్రాసలు కవిత్వానికి అలంకారం కాదు. అవి పద్యాన్ని ఒక నోటి నుంచి మరో నోటికి చెక్కుచెదరకుండా చేరవేసే సాధనాలు. ఒక పాదం మరిచిపోతే ప్రాస గుర్తుచేస్తుంది. ఒక మాట తప్పితే గణం పట్టిస్తుంది. పాత రూపం కొత్త అవసరానికి పనికివచ్చింది. రూపాన్ని దాని చారిత్రక సందర్భం నుంచి విడదీసి అభ్యుదయమనో తిరోగమనమనో ముద్ర వేయడం సరైన విమర్శ కాదు.

ఆళ్వారుస్వామి గురించి ఇంకా చెప్పుకోవాలి. ఆయన వంటవాడుగా, హోటల్లో సర్వరుగా పనిచేసినవాడు. ప్రూఫులు దిద్దినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, స్వయంగా మోసుకుపోయి ఊరూరా అమ్మినవాడు. 'ప్రజల మనిషి' నవలాకారుడు. దాశరథి 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఈ అంకితంలో ఒక సాహిత్య సిద్ధాంతమే ఉన్నదని నేను అనుకుంటాను. కవి తన పుస్తకాన్ని రాజుకు ఇవ్వలేదు, జమీందారుకు ఇవ్వలేదు, పొగిడినవాడికి ఇవ్వలేదు. తన కవిత్వంతో కలిసి దెబ్బలకు సిద్ధపడినవాడికి ఇచ్చాడు. కవి సమూహం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. సమూహం అంటే చప్పట్లు కొట్టేవాళ్లు కాదు, బరువు పంచుకునేవాళ్లు.

కోస్తాలోనూ ఇదే కనబడుతుంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. పుస్తకం 1950లో నళినీకుమార్ ప్రచురిస్తేనే గాని రాలేదు. ఆ పుస్తకాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చింది 1937లోనే చనిపోయిన కొంపెల్ల జనార్దనరావుకు. 'ఉదయిని' అనే పత్రిక నడిపి, ఆ పనిలోనే నలిగిపోయిన మనిషికి. తెలుగు ఆధునిక కవిత్వంలో అందరికన్నా ఎక్కువగా చదివిన పుస్తకం మొదటి పుటల్లోనే ఓడిపోయిన ఒక సంపాదకుడి పేరు ఉండడం యాదృచ్ఛికం కాదు. కవి ఒంటరిగా గెలవడు. అతని గెలుపులో ఓడిపోయినవాళ్ల వాటా ఉంటుంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడడం వెనకనూ, 1951లో దాశరథి అధ్యక్షుడుగా తెలంగాణ రచయితల సంఘం ఏర్పడడం వెనకనూ ఈ గ్రహింపు ఉన్నది.

కాళోజీ సంగతి వేరు. ఆయన కవిత్వంలో సాహసం భాషలో మొదలైంది. వరంగల్లు మనిషి మాట్లాడే మాటను కవితలో పెట్టడం ఆనాడు చిన్న విషయం కాదు. బడి పలుకుల భాష కవిత్వ భాషగా, పలుకుబడుల భాష మోటు భాషగా చలామణి అవుతున్న కాలం అది. 1953లో ఆలంపురం సారస్వత పరిషత్తు సభల్లో 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించాడు. తెలంగాణ యాసను వెక్కిరించే గొంతులు ఎన్నో ఉన్న రోజుల్లో, కోస్తా నుంచి వచ్చిన మహాకవి ఆ పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకోవడంలో ఒక అర్థం ఉన్నది. ప్రాంతాన్ని బట్టి వచ్చే తిరస్కారానికి ప్రాంతాన్ని దాటిన కవుల ఐక్యతే సరైన విరుగుడు. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సంతోషమే. కాని భాషకు సంవత్సరానికి ఒక రోజు ఇచ్చి మిగతా రోజుల్లో జవాబు పత్రాల్లో అదే భాషను ఎర్ర సిరాతో కొట్టివేస్తే ఆ గౌరవం బోలుగానే మిగులుతుంది.

ఇక సమూహమే సాహసంగా మారిన సందర్భం దిగంబర కవులది. ఆరుగురు యువకులు తమ పేర్లు మార్చుకుని, మర్యాదస్థుల సాహిత్యం మీద తిరగబడ్డారు. 1965లో మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత, 1966లో రెండోదాన్ని విజయవాడలో ఒక హోటలు కార్మికుడి చేత, 1968లో మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. వేదికలు తమను తిరస్కరించకముందే తాము వేదికల్ని తిరస్కరించారు. వాళ్ల కవిత్వంలో బూతు ఉన్నది, అరుపు ఉన్నది, స్త్రీల పట్ల అంగీకరించలేని చూపు ఉన్నది. ఇవన్నీ నిజమే. కాని ఆ ఆరుగురిలో చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి దిగంబరత్వం దగ్గర ఆగిపోలేదు. 1970లో విరసం ఏర్పాటులో నిలిచారు. 1971లో ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు పోయారు, హైకోర్టు విడుదల చేసింది. 'ఝంఝ', 'మార్చ్', 'లే' కవితా సంకలనాలను ప్రభుత్వం నిషేధించింది. చెరబండరాజు నాలాంటి బడిపంతులే. సికింద్రాబాదు కుట్ర కేసులో ముద్దాయి అయ్యాడు. 1982లో కాన్సరుతో చనిపోయేదాకా రాశాడు.

వరంగల్లులో 1966లో సాహితీ మిత్రులు మొదలుపెట్టిన 'సృజన' ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. చెల్లాచెదురుగా ఉన్న యువకవులకు అది చిరునామా అయింది. అది పత్రిక కాబట్టి ఎంచుకున్నది, తిరగగొట్టింది కూడా. అందులో అచ్చయినవాటితో మనం ఏకీభవించినా ఏకీభవించకపోయినా, దానికి ఒక చూపు ఉన్నదన్నది కాదనలేం. దాని స్థాపకుల్లో ఒకరైన వరవరరావు 2018లో అరెస్టయి, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీద బెయిలు ఇచ్చేదాకా ఆ కేసు నీడలో గడపవలసి వచ్చింది. అప్పటికి ఆయన ఎనభై దాటిన వృద్ధుడు. రాజ్యం చేసే తిరస్కారం నిజాముతో పోలేదనడానికి ఇంకా రుజువులు అక్కరలేదు.

అయితే రాజ్యం ఎప్పుడూ కర్రతోనే రాదు. శాలువాతో కూడా వస్తుంది. దాశరథి జీవితంలో ఈ రెండో ఘట్టాన్ని మనవాళ్లు ఎక్కువగా చర్చించరు. 1961లో సినిమా పాటల రచన మొదలుపెట్టాడు. మంచి పాటలు రాశాడు, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. 1974లో 'తిమిరంతో సమరం'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆస్థానకవిని చేసింది. 1983లో కొత్త ప్రభుత్వం ఆ పదవినే రద్దు చేసింది. 1987లో ఆయన కన్నుమూశాడు. ఒక రాజును ధిక్కరించి జైలుకు పోయిన కవి ముప్పై ఏళ్ల తర్వాత ఆస్థానం అనే మాటను తన పేరు ముందు పెట్టుకోవడం విచారించవలసిన విషయం. ఇది వ్యక్తిని నిందించడానికి అంటున్నమాట కాదు. రాజ్యం ఇచ్చే ఆమోదం ఎంత నిలకడ లేనిదో చూడమంటున్నాను. ఒక సంతకంతో వచ్చింది, ఒక సంతకంతో పోయింది. జైలు గోడ మీది పద్యం మాత్రం, గోడ తుడిచినా, ఇవ్వాళ్టికీ మా ఊళ్ల పిల్లల నోట్లో ఉన్నది.

ఇంతవరకు ఎదిరించవలసిన తిరస్కారాల సంగతి. ఇప్పుడు కాపాడుకోవలసినదాని సంగతి చూద్దాం. దీనికి కూడా దాశరథి ద్వారానే పోవచ్చు. ఆయన ఉర్దూ బాగా చదువుకున్నవాడు. 1961లో గాలిబును తెలుగు చేశాడు. ఆ గాలిబు 1841లో ఢిల్లీలో తన ఉర్దూ దివాను అచ్చువేయించినప్పుడు, యవ్వనంలో రాసిన ఎన్నో షేర్లను తానే ఏరి పక్కన పెట్టాడు. ఆయన వదిలేసిన కవిత్వం ఎంత ఉన్నదో, భోపాలులో దొరికిన పాత ప్రతిని 1921లో అచ్చువేసిన తర్వాత గాని లోకానికి సరిగ్గా తెలియలేదు. చేతికి వచ్చిందల్లా లోకం మీదికి వదలకపోవడం వల్లనే ఆ చిన్న దివాను అంత బరువైంది. తనను తాను తిరస్కరించుకోగలగడం కవికి అవసరమైన మొదటి శిక్షణ. ఆ శిక్షణ పుట్టుకతో రాదు. తన కవిత మీద ఇతరుల అసంతృప్తిని విని, తట్టుకుని, దాన్ని తనలోకి తెచ్చుకుంటేనే వస్తుంది.

ఇవ్వాళ ఈ శిక్షణ ఎక్కడ దొరుకుతున్నది? మా ప్రాంతంలో కవిత్వం రాసే యువకులు తక్కువేమీ లేరు. మరిపెడ బంగ్లా నుంచి డోర్నకల్ దాకా, ఇటు ఖమ్మం దాకా ఎంతోమంది ఉన్నారు. ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, డిగ్రీ చదివి ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్నవాళ్లు. వాళ్లు తమ కవితల్ని నా దగ్గరికి తెస్తుంటారు. చాలామంది అడిగేది అభిప్రాయం కాదు, ముందుమాట. అప్పటికే నూరుమంది అద్భుతం అన్నారు. ఆ నూరుమంది కవితలకు వీళ్లూ అద్భుతం అన్నారు. పెండ్లి కట్నాల పుస్తకంలో రాసిపెట్టుకుని తిరిగి చదివించినట్టు, మెప్పు ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతున్నది. ఇందులో దుర్మార్గం లేదు. ఒంటరితనం ఉన్నది, ఆదరణ కోసం ఆకలి ఉన్నది. ఊళ్లో కవి అంటే వెక్కిరించేవాళ్లే ఎక్కువైనప్పుడు ఎక్కడో ఉన్న ఒక మనిషి బాగుంది అనడం చిన్న ఊరట కాదు.

కొత్త సాధనాల వల్ల మంచి జరగలేదని నేననను. కవి యాకూబ్ చొరవతో 2012లో మొదలైన కవిసంగమం ఎంతోమంది కొత్తవాళ్లను ఒకచోట చేర్చింది. పత్రికాఫీసు మెట్లు ఎక్కలేనివాళ్లకు, ముఖ్యంగా ఇల్లు దాటి సభకు పోలేని స్త్రీలకు, చదివేవాళ్లు దొరికారు. ఒక విధంగా ఇది మళ్లీ గోలకొండ కవుల సంచికే. ఉనికిని చాటే పని. నా ప్రశ్న ఆ తర్వాతి మెట్టు గురించి. ఎవరినీ కాదనని చోట ఎవరినీ చదవడం కూడా ఉండదు. కవితను కాదనాలంటే దాన్ని చివరిదాకా చదవాలి, ఏ పదచిత్రం దగ్గర అది జారిపోయిందో చూపించాలి, కవి మొహం చూస్తూ చెప్పాలి. మెచ్చుకోవడానికి ఇవేవీ అక్కరలేదు.

మెప్పుతో కట్టిన సమూహం సాహసానికి పనికిరాదని ఇంకో సందర్భంలో తెలుస్తుంది. ఒక యువకవి తన ఊరి కులపెత్తనం మీద రాశాడనుకుందాం. ఇంటి మీదికి మనుషులు వస్తారు, ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు. ఆ రోజు ఆ నూరుమందిలో ఎంతమంది అతని గుమ్మం దగ్గరికి వస్తారు? 2015 జనవరిలో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించవలసి వచ్చింది. 2016లో మద్రాసు హైకోర్టు ఆయన రాసే హక్కును నిలబెట్టింది. ఆ కోర్టు మెట్ల దాకా ఆయన పక్షాన నడిచిన రచయితల సంఘం ఉన్నది కాబట్టి ఆ తీర్పు వచ్చింది. సంఘం అనే పాత మాటకు ఇంకా పని ఉన్నదని అది చూపింది.

సాహసం అంటే ఎప్పుడూ జైలే కానక్కరలేదు. అలిశెట్టి ప్రభాకర్‌ను చూడండి. జగిత్యాలలో 1954లో పుట్టాడు. ఫొటో స్టూడియో నడుపుకుంటూ, బొమ్మలు వేస్తూ, 'ఎర్ర పావురాలు', 'మంటల జెండాలు', 'చురకలు', 'రక్తరేఖ', 'సంక్షోభగీతం' తెచ్చాడు. సినిమాకు రాయలేదు, ఎవరి కొలువూ కోరలేదు. క్షయ వ్యాధితో, పేదరికంతో 1993 జనవరి 12న, తన పుట్టినరోజునే చనిపోయాడు. ఇవ్వాళ ఆయన నాలుగు పంక్తులు లేని ఫోను లేదు. ఆయన కవితల్ని రోజూ పంచుకునే ఈ వేలమంది ప్రేమ నిజమైనదే. కాని ఆయన మందులు కొనుక్కోలేని రోజుల్లో పుస్తకం కొన్నవాళ్లు ఎంతమంది? కవితను ప్రేమించడానికి, కవిని మోయడానికి మధ్య ఉన్న దూరాన్ని అలిశెట్టి జీవితం కొలిచి చూపిస్తుంది. అతని పంక్తులు క్లుప్తంగా ఉన్నాయి కాబట్టి తేలికగా రాసి ఉంటాడని అనుకరించేవాళ్లు అనుకుంటున్నారు. ఒక్కొక్క మాట నిలవడానికి ఎన్ని మాటలు కొట్టివేసి ఉంటాడో వాళ్లు ఆలోచించడం లేదు.

మొదటి రకం తిరస్కారం పోయిందా అంటే అదీ పోలేదు. మా మండలంలో తండాలు ఎక్కువ. నా తరగతిలో చాలామంది పిల్లలకు ఇంటి భాష లంబాడీ. దానికి సొంత లిపి లేదు, బడిలో చోటు లేదు. ఆ పిల్ల తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే అందులో వాళ్ల ఇంటి మాట ఒకటి దొర్లుతుంది. దాన్ని తప్పు అని గుర్తుపెట్టడం సులువు. కాని ఆ మాట దగ్గరే ఆ పిల్ల మొదటిసారిగా తన సొంత గొంతుతో పలికి ఉంటుంది. కవికి మొట్టమొదటి సంపాదకుడు బడిపంతులు. ఏ మాటను కొట్టివేయాలో, ఏ మాటను ఉంచాలో అతనికి తెలియకపోతే రేపటి కవి నోట్‌బుక్కులోనే ఆగిపోతాడు. అట్లని ఆ పిల్ల రాసిందల్లా అద్భుతమని అంటే అదీ చిన్నచూపే అవుతుంది. నీ మాట ఉండాలి, ఈ వాక్యం మాత్రం మళ్లీ రాయాలి అని చెప్పగలగాలి. తిరస్కారాల మధ్య ఉన్న తేడా తెలిసినవాడే ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలడు.

కాబట్టి మన సంఘాల ముందున్న పని స్పష్టమే. ఊరి పేరో కులమో యాసో చూసి తలుపు మూసే చోట మనం తలుపు తెరవాలి. రాజ్యం గాని, ఊరి పెత్తనం గాని కవి మీద చేయి వేసినచోట, అతని కవిత మనకు నచ్చినా నచ్చకపోయినా, పక్కన నిలబడాలి. లోపలికి వచ్చి కూర్చున్న తర్వాత మాత్రం కవితను కవితగా చదివి, బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. ఇది ఉపన్యాసాలతో అయ్యే పని కాదు. ప్రతి మండలంలో నెలకొకసారి పదిమంది కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క కవిత చదివి, మిగతావాళ్లు దాని మీద మొహమాటం లేకుండా మాట్లాడే అలవాటు చేసుకుంటే చాలు. ముందుమాటలు తగ్గించి, ఆ డబ్బుతో తోటి కవి పుస్తకం కొంటే ఇంకా మంచిది. జబ్బుపడిన కవికి, కేసులో ఇరుక్కున్న కవికి ఒక నిధి ఉండాలి. బాగుంది అనే మాట అరుదైనప్పుడే దానికి విలువ. బాగాలేదని చెప్పినవాడే రేపు కవి వెంట పోలీసు స్టేషనుకు రావడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, ఆ మాటను ఏ కవీ అవమానంగా తీసుకోడు.